‘మా ఇంట్లో మనిషే’ అనే జోకు

2019 చివర్లో హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో నైవ్స్ అవుట్ అనే అమెరికన్ సినిమా చూశాను. హాలు సగమే నిండింది, ముందు వరసలో ఇంజనీరింగ్ కుర్రాళ్ల బ్యాచ్ ఒకటి. అందులో ఒక సీనుంది. పెద్ద బంగళా, ముసలాయన పుట్టినరోజు పార్టీ, ఇంటి అల్లుడు కూర్చుని వలసొచ్చినవాళ్ల గురించి ఉపన్యాసం దంచుతుంటాడు, పద్ధతిగా, చట్టప్రకారం వచ్చినవాళ్లంటే మాకు గౌరవం అని, ఇదిగో మన మార్తానే చూడండి అని ముసలాయన్ని చూసుకునే నర్సుని పిలిచి పక్కన నిలబెట్టి, ఆ గౌరవం మాటల మధ్యలోనే తను తిన్న ఖాళీ ప్లేటు ఆమె చేతిలో పెట్టేస్తాడు. ఆమె వైపు చూడను కూడా చూడడు, చెయ్యి దానంతట అదే వెళ్లిపోతుంది. హాలంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటర్వెల్లో కాఫీ పట్టుకుని నిలబడ్డాక గుర్తొచ్చింది, మా పెదనాన్న పెద్దకర్మ అయిన మర్నాడు నేను చేసిన పని. కాఫీ చల్లారిపోయింది. ఆ పని సంగతి తర్వాత చెప్తాను, ముందు సినిమా.

చూడనివాళ్లకి రెండు ముక్కల్లో కథ (చూద్దామనుకుంటే ఇక్కడే ఆగండి, ఇన్నేళ్లయింది కాబట్టి నన్ను తిట్టొద్దు). డిటెక్టివ్ నవలలు రాసి కోట్లు గడించిన హార్లాన్ త్రోంబీ అనే పెద్దాయన 85వ పుట్టినరోజు రాత్రి గొంతు కోసుకుని పోతాడు. కూతురు, కొడుకు, కోడలు, అల్లుడు, మనవలు అందరూ ఆయన డబ్బు మీదే బతుకుతున్నారు, అందరికీ మాత్రం తామే కష్టపడి పైకొచ్చామని నమ్మకం. ఆయనకి మందులిచ్చే నర్సు మార్తా కాబ్రేరా. వీలునామా చదివితే ఇల్లు, డబ్బు, పుస్తకాల హక్కులు మొత్తం ఆ నర్సుకి. అక్కణ్ణుంచి మొదలు అసలు సినిమా. అప్పటిదాకా ‘నువ్వు మా ఇంట్లో మనిషివి’ అన్నవాళ్లంతా ఒక్క మధ్యాహ్నంలో ఏమైపోతారో అదే కామెడీ.

అందులో ఇంకో చిన్న విషయం ఉంది. మార్తాది ఏ దేశం అంటే ఒకరు ఈక్వడార్ అంటారు, ఇంకొకరు పరాగ్వే, ఇంకొకరు బ్రెజిల్. ప్రాణం పెట్టి ప్రేమిస్తున్నాం అంటూనే. చివరిదాకా ఎవరూ కరెక్టుగా చెప్పరు, సినిమా కూడా తేల్చదు. అంత్యక్రియలకి ఆమెని పిలవరు, తర్వాత ఒకరి తర్వాత ఒకరు పక్కకి పిలిచి ‘నేను పిలుద్దామనే అన్నాను, మిగతావాళ్లే ఒప్పుకోలేదు’ అంటారు. అందరూ పిలుద్దామన్నవాళ్లే, మరి వద్దన్నది ఎవరు?

సరే, మా పెదనాన్న.

మా పెదనాన్న 1970ల్లో ఊళ్లో తాతగారి పొలంలో తన వాటా అమ్మి హైదరాబాదొచ్చి గండిపేట అవతల ద్రాక్షతోట వేశాడు. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు గానీ అప్పట్లో ఈ ఊరి చుట్టూ ద్రాక్షతోటలే, అనాబ్-ఇ-షాహి అని తెల్లగా పొడుగ్గా ఉండే పళ్లు, చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి వెళ్తే పందిరి కింద పడుకుని నోరు తెరిస్తే చాలు. తోట ఎప్పుడో పోయింది, భూమి మిగిలింది, ఆ భూమి ముక్కలు అమ్ముకుంటూ జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టాడు, ఇంకా కొంత భూమి మిగిలే ఉంది. మా నాన్న తన వాటా ఊళ్లోనే అమ్ముకుని తినేశాడు, అందుకే నేను మియాపూర్‌లో అద్దెకుంటున్నాను, అది ఇంకో వ్యాసం.

2012లో పెదనాన్నకి షుగరూ మతిమరుపూ రెండూ ముదిరాక ఏజెన్సీ నుంచి ఒకామెని పెట్టారు. పేరు రాయను. ఏజెన్సీకి నెలకి 15 వేలు కడితే ఆమె చేతికి 10 వచ్చేవట. పగలూ రాత్రీ అక్కడే, పెదనాన్న గదిలోనే కింద చాప. ఐదేళ్లు. వచ్చినవాళ్లందరికీ పెద్దమ్మ చెప్పే మాట ఒకటే, ‘పనిమనిషి కాదమ్మా, మా ఇంట్లో మనిషే.’ ఇంట్లో మనిషికి స్టీలు గ్లాసు వేరు, కంచం వేరు, అవి సింకు కింద అరలో ఉండేవి. ఆమెది పార్వతీపురం దగ్గర ఒక ఊరు. పెద్ద వదిన శ్రీకాకుళం అనేది, చిన్న వదిన ఒరిస్సా పిల్ల అనేది, అక్క ఏమో ‘ఆ రాజమండ్రి సైడు’ అని చెయ్యి గాల్లో తిప్పేది. సినిమా చూసి కాపీ కొడుతున్నానని మీరనుకుంటారని తెలుసు. నా ఖర్మ, సినిమా తర్వాత వచ్చింది.

పెద్దనోట్ల రద్దు గుర్తుందా. 2016 నవంబర్ 8 రాత్రి టీవీలో ప్రకటన రాగానే జూబ్లీహిల్స్ ఇంట్లో నిశ్శబ్దం, తర్వాత బీరువా తాళాల చప్పుడు. పొద్దున్నకి అన్నయ్యలిద్దరూ, బావగారు, ఒక ఆడిటరు, డైనింగ్ టేబుల్ మీద కట్టలు. అప్పుడు ఎవరి బుర్రలోనో వెలిగింది, రెండున్నర లక్షలదాకా ఖాతాలో వేస్తే ఎవరూ అడగరట కదా అని. డ్రైవర్ ఖాతా, వాచ్‌మన్ ఖాతా, వంటావిడ ఖాతా, ఈమె ఖాతా. ఈమె ఖాతాలో రెండు లక్షలు పడ్డాయి. బ్యాంకు దగ్గర క్యూలో నిలబడింది కూడా ఆమే, ఆ రెండు రోజులు పెదనాన్న డైపర్ మార్చే పని ఇంట్లో ఎవరికీ చేతకాక ఇల్లు ఎలా ఉందో నేను రాయను. తర్వాత నాలుగైదు నెలలు కొంచెం కొంచెంగా డ్రా చేసి రూపాయితో సహా తెచ్చిచ్చింది. ‘చూశావా, ఇంట్లో మనిషి కాబట్టే’ అంది పెద్దమ్మ. ఆ రెండు లక్షల మాట ఇక్కడ పెట్టుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు అసలు నా గొడవ. మన తెలుగు సినిమాల్లో డబ్బున్న కుటుంబాలకి కొదవ లేదు. పాలరాతి మెట్లు, షాండ్లియరు, తెల్లపంచెలో తాతయ్య, ముప్పై మంది కలిసి కూర్చునే టేబులు. ఆ ఇళ్లలో పనివాళ్లకీ కొదవ లేదు. కానీ ఒక్కసారి లెక్కేసి చూడండి, మన సినిమాల్లో ఆ ఇంట్లో పని చేస్తూ అందరి మనసూ గెలుచుకున్నవాడు చివరికి ఎవడు తేలతాడు? 1962లో గుండమ్మ కథలో గుండమ్మ ఇంట్లో పిండి రుబ్బుతూ పాటలు పాడే అంజి జమీందారు కొడుకు. 2013లో అత్తారింటికి దారేదిలో అత్త ఇంట్లో డ్రైవర్‌గా చేరినవాడు స్వయానా మేనల్లుడు, అదీ ఇటలీ నుంచి వచ్చిన వేల కోట్ల వారసుడు. 2020లో అల వైకుంఠపురములోలో గుమాస్తా ఇంట్లో పెరిగిన బంటు, పుట్టినరోజే తారుమారైన ఆ బంగళా కొడుకు. దాదాపు 60 ఏళ్లుగా ఒకటే ట్రిక్కు. మన సినిమాలో పనివాడు అనేది ఒక వేషం. ఆ వేషం కింద రక్తసంబంధం ఉందని మనకి ముందే తెలుసు కాబట్టి మనం ధైర్యంగా ప్రేమిస్తాం. పెత్తనం ఎటూ పోదు, ఆస్తి ఎటూ పోదు, ఇంటాయన కన్నీళ్లు పెట్టుకుని కౌగిలించుకునేది తన సొంత రక్తాన్నే. నిజంగా డ్రైవరే అయినవాడు అదే సినిమాలో ఒక మూల కారు తుడుస్తూ ఉంటాడు, వాడి పేరు టైటిల్స్‌లో కూడా వెతుక్కోవాలి.

ఈ సినిమాలు నాకిష్టమే, ఇందులో రెండిటిని పండగలకి టీవీలో వస్తే ఇప్పటికీ చూస్తాను, సూర్యకాంతం గుండమ్మగా తల తిప్పిందంటే చానెల్ మార్చేవాడు మనిషే కాదు. కానీ వాటిల్లో నవ్వు ఎక్కడ ఆగిపోతుందో చూడండి. అత్త గయ్యాళితనం మీద నవ్వొచ్చు, బావ తిక్క మీద నవ్వొచ్చు, మేనమామ కుట్ర మీద నవ్వొచ్చు. ఇల్లు మీద మాత్రం నవ్వకూడదు. ఇల్లు గుడి. ఎవడో ఒక దుర్మార్గుడు దూరి పాడుచేశాడు, వాణ్ణి గెంటేస్తే గుడి మళ్లీ గుడే. క్లైమాక్స్‌లో అందరూ ఏడ్చి గ్రూపు ఫొటో దిగుతారు. చేదు నిజాల మీద నవ్వించే డార్క్ కామెడీకి ఇది పనికిరాదు, దానికి ఏడుపూ ఫొటో ఉండకూడదు. దుర్మార్గుడు బయటినుంచి రాలేదు, ఈ పాలరాతి మెట్ల మీదే పుట్టి పెరిగాడు, వాడూ మనమూ కలిసే టిఫిన్ చేస్తున్నాం అని ఒప్పుకుంటే తప్ప అది నడవదు.

మనకి చేతకాదని కాదు. 1987లో అహ నా పెళ్లంటలో జంధ్యాల చేసి చూపించాడు. కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి, కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అందరికీ ఆ కోడే గుర్తు. నాకు మాత్రం ఆ ఇంట్లో పనిచేసే అరగుండు గుర్తు, బ్రహ్మానందం. యజమాని ముందు నిలబడే గొణుగుతూ తిడతాడు, ఏమంటున్నావ్ అంటే మాట మార్చేస్తాడు. మన వెండితెర మీద జీతగాడు వారసుడిగా తేలకుండా, యజమాని కోసం ప్రాణమివ్వకుండా, జీతం రాళ్ల కోసం కడుపుమండి నిలబడటం నేను చూసింది ఆ గుండులోనే. బ్రహ్మానందాన్ని స్టార్‌ని చేసింది ఆ వేషమే, అంటే జనానికి ఎక్కడో తెలుసు. తర్వాత ఎందుకో ఆ దారి పట్టలేదు ఎవరూ.

ఒక ఫ్రెండుతో ఇదంతా వాదిస్తే, ‘అది అమెరికా బాబూ, మన దగ్గర కుటుంబాలు అలా ఉండవు’ అన్నాడు. ఎక్కడ కూర్చుని అన్నాడో చెప్పాలి కదా, కింగ్ కోఠీలో, ఏడో నిజాం బతికిన ప్యాలెస్‌కి కూతవేటు దూరంలో ఇరానీ చాయ్ తాగుతూ. 1937లో టైమ్ పత్రిక కవర్ మీద వేసిన ప్రపంచ కుబేరుడు, పాత షేర్వానీలతో గడిపేసేవాడని పేరు. వాళ్ల నాన్న బూటు కొసలో దొరికిందని చెప్పే 184.75 క్యారట్ల జేకబ్ వజ్రాన్ని పేపర్‌వెయిట్‌గా వాడుకున్నాడు. కొడుకుని పక్కనపెట్టి మనవణ్ణి వారసుణ్ణి చేశాడు, ఆ మనవడు ఇక్కడి కోర్టు కేసులు, వేలమంది నౌకర్లు, బంధువుల గోల తట్టుకోలేక ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని బుల్డోజర్ నడుపుకుంటూ కొన్నేళ్లు హాయిగా గడిపాడు. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకుకి వెళ్లిన పది లక్షల పౌండ్లు ఎవరివో తేలడానికి 71 ఏళ్లు పట్టింది, 2019 అక్టోబర్‌లో అక్కడి హైకోర్టు తీర్పిచ్చేసరికి అవి మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి, తీర్పొచ్చాక మిగతా వారసులు మా వాటా సంగతేంటని మళ్లీ కోర్టుకెళ్లారు. నేను నైవ్స్ అవుట్ చూసింది ఆ తీర్పొచ్చిన కొన్ని వారాలకే. బూటులో వజ్రం దొరికిన ఊళ్లో కూర్చుని ఇలాంటి కథలు మనకి లేవంటే ఆ చాయ్ కూడా నవ్వుతుంది.

ఆ సినిమాలో నాకు నచ్చనిదీ చెప్పాలి. మార్తా మరీ మంచిది. అబద్ధమాడితే వాంతి చేసుకుంటుంది, నిజంగానే, బకెట్ కావాలి. కథకి ఆ వాంతి భలే పనికొస్తుంది, ఒప్పుకుంటాను, డిటెక్టివ్ దగ్గర నిజాన్ని అటూ ఇటూ తిప్పి వాంతి రాకుండా చెప్పే సీన్లు అద్భుతం. కానీ దాని వెనక ఒక షరతుంది: పేదవాళ్లకి ఆస్తి రావాలంటే వాళ్లు దేవతలై ఉండాలి. ఆ ఏడాదే వచ్చిన కొరియన్ సినిమా పారసైట్ ఆ షరతు పెట్టలేదు, అందులో పేద కుటుంబం మొత్తం అబద్ధాలతోనే బంగళాలో దూరుతుంది, అయినా మన ప్రాణం వాళ్ల వైపే కొట్టుకుంటుంది. మా పెదనాన్నని చూసుకున్నామె దేవత కాదు. మందుల షాపువాడితో మాట్లాడుకుని డైపర్ ప్యాకెట్ల మీద పదో పరకో మిగుల్చుకునేదని నాకు తెలుసు, రాత్రి పూట గంటలు గంటలు ఫోను, విసుగొస్తే పెదనాన్నని ‘లేవయ్యా బాబూ’ అని కసిరేది. మేమంతా ఆయన్ని కసరలేదు, నిజమే, కసరాలంటే ఆ గదిలోకి వెళ్లాలి కదా.

ఆ సినిమాలో నేనెవరినో కూడా నాకు అక్కడే అర్థమైంది. మనవరాలు మెగ్ అని ఒకమ్మాయి ఉంటుంది. కాలేజీ పిల్ల, మంచి మనసు, మార్తాకి ఫ్రెండు, ఇంట్లో వాళ్ల మాటలకి సిగ్గుపడుతుంది. వీలునామా చదివాక చుట్టూ అందరూ కూర్చుని ఫీజు సంగతి గుర్తుచేస్తే, మార్తా వాళ్లమ్మకి అమెరికాలో ఉండటానికి కాగితాలు లేవన్న రహస్యాన్ని వాళ్లకి చెప్పేసేది ఆ పిల్లే. దుర్మార్గులు ఆ బెదిరింపుని తర్వాత వాడుకుంటారు, కానీ చేతికిచ్చింది మంచి పిల్ల.

2017లో పెదనాన్న పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె బయల్దేరింది, ఏజెన్సీ వాళ్లు వేరే డ్యూటీ చెప్పారు. హాల్లో బంధువులు ఇంకా ఉన్నారు. అప్పుడు చిన్న వదిన మెల్లగా అంది, మావయ్యగారి పచ్చరాయి ఉంగరం కనపడట్లేదని. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అందరూ ఆమె బ్యాగు వైపు చూశారంతే. పెద్దమ్మ అంది, ‘అలా అనుకుంటామా, మా ఇంట్లో మనిషి’ అని, ఒక్క క్షణం ఆగి, ‘ఊరికే ఒకసారి చూస్తే ఆ అమ్మాయికే మంచిది, రేపు మాట రాకుండా’ అంది. ఎవరు చూడాలి? అన్నయ్యలు చూస్తే బాగోదు. అందరికంటే ఆమెతో బాగా మాట్లాడేది నేనే, వెళ్లినప్పుడల్లా వాళ్లూరి కబుర్లు అడిగేది నేనే, ఆమె ఊరు పార్వతీపురం అని ఆ ఇంట్లో తెలిసింది నాకొక్కడికే. ‘నువ్వు చూడరా, నువ్వైతే ఏమనుకోదు’ అన్నారు.

జిప్పు తీసింది నేనే.

రెండు నైటీలు, ఒక చీర, పాత చార్జరు, సగమైన పౌడర్ డబ్బా, పెదనాన్న వాడి పారేసిన షేవింగ్ క్రీం డబ్బాలో చిల్లర, ఒక లాంగ్ నోట్‌బుక్కు. ఆమె పక్కనే నిలబడి చూస్తోంది, ఏమీ అనలేదు, మధ్యలో ‘ఆ సైడు జిప్పు కూడా ఉంది బాబూ’ అని మాత్రం అంది. అదీ తీశాను. ఆగి ఉంటే బాగుండేది కదా అని మీరనుకుంటున్నారు, నేనూ అనుకున్నాను, వెయ్యిసార్లు, జిప్పు తీసేటప్పుడు మాత్రం అనుకోలేదు.

నోట్‌బుక్కు షుగర్ బుక్కు. పొద్దున పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, ఎన్ని ఇడ్లీలు తిన్నారు, ఒంటేలు ఎన్నిసార్లు, ‘నిద్ర లేదు’, ‘పెద్దబాబు పేరు మర్చిపోయారు’, ‘తోటకి తీసుకెళ్లమని ఏడ్చారు’. తేదీలతో సహా, వంకరటింకర అక్షరాలు. అలాంటివి మూడు నిండాయట, ఇది మూడోది. ఎందుకు తీసుకెళ్తున్నావ్ అంటే ‘ఊరికే బాబూ, నేను రాసుకున్నది కదా’ అంది. పెద్ద వదిన చేతిలోంచి తీసేసుకుంది, మావయ్యగారి మెడికల్ రికార్డు బయటికి పోకూడదు అని. రెండు లక్షలు చేతిలో పెట్టి బ్యాంకుకి పంపిన మనిషిని, ఒక నోట్‌బుక్కుతో గేటు దాటనివ్వలేదు. ఆ రోజు నాకిది కామెడీ అని తట్టలేదు, రెండేళ్ల తర్వాత ఇంకెవరో అమెరికావాడు ప్లేటు చేతిలో పెడితే గానీ తట్టలేదు.

ఉంగరం నాలుగు రోజులకి దొరికింది, హాస్పిటల్ వాళ్లు ఐసీయూలో తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చింది చిన్న వదిన హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆమెకి ఫోన్ చేసి చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. చెయ్యలేదు.

ఆ తర్వాత మా వాళ్ల కథ మామూలే, హైదరాబాద్‌లో భూమి ఉన్న ప్రతి ఇంటి కథే. సినిమాలోలాగా లాయర్ అందరినీ కూర్చోబెట్టి వీలునామా చదవడం మన దగ్గర ఉండదు, మన దగ్గర వీలునామా బీరువాలోంచి ‘బయటపడుతుంది’. పెదనాన్నదీ అలాగే బయటపడింది, 2016 డిసెంబర్ తేదీతో, రిజిస్టర్ చెయ్యని తెల్లకాగితం. మన చట్టంలో వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు, పెట్టినవాళ్లు ఫ్యామిలీ డాక్టరూ పక్కింటాయనా, పక్కింటాయన పోయాడు. ఇల్లు చిన్నన్నయ్యకి, మిగిలిన భూమి అన్నదమ్ములిద్దరికీ, అక్కకి ఏమీ లేదు, కట్నం ఇచ్చాను కాబట్టి అని ఒక వాక్యం. నర్సు పేరు ఎక్కడా లేదు, ఉంటుందని మీరూ అనుకోలేదు కదా.

అక్క మొదట ఊరుకుంది. ఆమె పెళ్లి 1983లో. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చింది గానీ అప్పటికి పెళ్లి కానివాళ్లకే, రెండేళ్ల తేడాలో ఈమె తప్పిపోయింది. 2005లో కేంద్రం చట్టం మార్చింది, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, కూతురికి పుట్టుకతోనే హక్కు, పెళ్లితో సంబంధం లేదు, 2005కి తండ్రి బతికున్నాడా లేదా అన్నది కూడా చూడక్కర్లేదు అని తేల్చేసింది. ఆ తీర్పు వచ్చిన రోజు బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఆ వార్త పెట్టి కింద రెండు చేతుల దండం బొమ్మ పెట్టాడు. అంతే, ఇంకేమీ రాయలేదు. ఇంతకంటే గొప్ప డైలాగు ఏ రచయిత రాస్తాడు? తోట భూమి ఊళ్లో తాతగారి పొలం అమ్మిన డబ్బుతో కొన్నది కాబట్టి పిత్రార్జితం అని అక్క వాదన, కాదు స్వార్జితం అని అన్నయ్యలు, ఇంటి విషయంలో మాత్రం పెద్దన్నయ్య అక్క వైపు. మూడు పక్షాలు, నలుగురు లాయర్లు. సినిమాలో వారసులు ఆ బంగళాని తరతరాల ఇల్లు అంటుంటే డిటెక్టివ్ పగలబడి నవ్వుతాడు, ముసలాయన దాన్ని 80ల్లో ఒక పాకిస్తానీ కోటీశ్వరుడి దగ్గర కొన్నాడని. మా చిన్నన్నయ్య కోర్టు కాగితాల్లో జూబ్లీహిల్స్ ఇంటిని ‘మా వంశపు ఇల్లు’ అన్నాడట, అంతకుముందు అక్కడ ఉన్నది బండరాళ్లూ సీతాఫలం చెట్లూ. (మన చట్టంలో ఒక మంచి సెక్షన్ ఉంది, హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షను, చంపినవాడికి చచ్చినవాడి ఆస్తి రాదు. సినిమాలో కూడా లాయర్ ఇలాంటి రూలే చెప్తాడు. మా వాళ్లెవరూ చంపలేదు. చూడటానికి వెళ్లలేదు, అంతే, దానికి సెక్షన్ లేదు.)

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. మా వాళ్ల భూమి అక్కడికి చాలా దూరం, ఆ రేటులో పదోవంతు కూడా రాదు, అయినా ఆ వార్త పేపర్లో చూసిన వారంలోనే అప్పటిదాకా నత్తనడక నడుస్తున్న కేసుకి కాళ్లొచ్చాయి. పెద్దన్నయ్య లాయరు అసలు పాయింటు పట్టుకున్నాడు: వీలునామా రాసిన రోజు పెదనాన్న మతి స్థిమితంగా ఉందా? స్థిమితం లేదని తేలితే కాగితం చెల్లదు. ఆ రోజు ఆయన ఎలా ఉన్నాడో చెప్పగలిగేవాళ్లు ఎవరు? కొడుకులిద్దరూ ఆ నెలంతా పాతనోట్ల గొడవలో ఆడిటర్ ఇంట్లో ఉన్నారు. రోజూ పక్కనున్నది ఒక్కరే. రోజూ రాసి పెట్టింది కూడా ఒక్కరే.

పెద్దన్నయ్య నాకు ఫోన్ చేశాడు. ‘ఆ అమ్మాయి నెంబర్ నీ దగ్గర ఉంటుందిగా, నీతో బాగుండేది.’ ఆ షుగర్ బుక్కు కోసం ఇల్లంతా వెతికారట. ఏ సంవత్సరమో దీపావళి ముందు ఇల్లు దులిపినప్పుడు పాతపేపర్ల వాడికి కిలోల లెక్కన వెళ్లిపోయిందని పెద్ద వదిన చివరికి ఒప్పుకుంది.

నెంబర్ ఉంది. చేశాను. ఆరేళ్ల తర్వాత. గొంతు గుర్తుపట్టింది, బాగున్నారా బాబూ అంది, కొండాపూర్‌లో ఎవరింట్లోనో డ్యూటీ, వెనకాల ఎవరో ముసలావిడ పిలుస్తోంది. నేను అటూ ఇటూ తిప్పి విషయం చెప్పాను. బుక్కు గురించి అడిగితే నవ్వింది, వెటకారమో మామూలుగానో ఫోన్లో తెలియలేదు, ‘నా దగ్గరేముంటుంది బాబూ, మీరే తీశారు గదా బ్యాగులోంచి.’ పాతవి రెండు మీ దగ్గర ఉన్నాయేమో అన్నాను, అవి మీ ఇంట్లోనే వదిలేశాను అంది. ఉంగరం దొరికిందని చెప్పాను. ‘ఏ ఉంగరం?’ అంది. అదేం లేదులే అన్నాను.

సాక్ష్యానికి రమ్మంటే రానని అనలేదు. వస్తాను బాబూ, కాకపోతే ఇక్కడ డ్యూటీ పోద్ది, రోజుకి వెయ్యి, వాయిదాలు ఎన్నిసార్లు పడతాయో, ఆటో చార్జీలు వేరే, అవి ఎవరిస్తారో ముందే అనుకుంటే బాగుంటది అంది. నాకు చాలా న్యాయంగా అనిపించింది, అదే మాట పెద్దన్నయ్యకి చెప్పాను. అవతలి పక్క కాసేపు చప్పుడు లేదు. ఎకరం ఎంత పలుకుతుందో పొద్దున్నే నాకు లెక్కగట్టి చెప్పిన మనిషి.

‘వెయ్యి రూపాయలా?’ అన్నాడు. ‘మన ఇంట్లో మనిషి అయ్యుండి డబ్బులడుగుతుందేంట్రా?’